బూటు మీద పేరు, బూటు వెనుక మనిషి



బస్తర్ ప్రాంతంలో పనిచేసే మన సభ్యులు పాదరక్షల ప్రశ్న లేవనెత్తినప్పుడల్లా అధికార వర్గాల నుండి ఒకే సమాధానం వినవస్తున్నది: "దుస్తుల భత్యం ఇస్తున్నాము గదా, ఇంకా బూట్ల గొడవ ఏమిటి?" వేతన సవరణ, పింఛను, ఖాళీల భర్తీ వంటి పెద్ద సమస్యలు ఉండగా బూట్ల మాట చిన్నది గదా అని మనలోనే కొందరు సందేహిస్తున్నారు. ఇది చిన్న మాట కాదని మేము భావిస్తున్నాము. మన కాలపు కార్మికోద్యమం ఎదుర్కొంటున్న అతి పెద్ద ప్రశ్న దీనిలోనే ఇమిడి ఉన్నది. పని చేయించుకొనేవాడు పేరును, లాభాన్ని, అధికారాన్ని తన దగ్గర ఉంచుకొని, పనిచేసే మనిషి బాధ్యతను మాత్రం మరొకరి నెత్తిన వేసి తప్పుకోవచ్చునా? ఇదే ఆ ప్రశ్న.

దీనికి సమాధానం కోసం మేము ముందుగా ఒక బూటు చరిత్రను మీ ముందు ఉంచదలచినాము. చీలమండ దగ్గర గుండ్రని ముద్ర, ఆ ముద్రలో ఒక నక్షత్రం, దాని మీద ఒక సంతకం ఉండే అమెరికన్ కాన్వాసు బూటు అది. ఈనాడు విశాఖపట్నంలోను, హైదరాబాదులోను మన పిల్లలు దానిని ముచ్చటపడి తొడుగుకొంటున్నారు. ఆ బూటుకూ, బైలదిల్లా కొండల క్రింద రైలుపట్టాల వెంట నడిచే కీమానుకూ సంబంధమేమిటని మీరు అడుగవచ్చును. సంబంధం ఉన్నది. ఆ బూటు నేర్పిన పాఠాన్నే మన దేశంలోని యజమానులు, ప్రభుత్వంతో సహా, శ్రద్ధగా వల్లెవేస్తున్నారు.

పేరు పుట్టిన విధం

1908లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, మాల్డెన్ పట్టణంలో, మార్క్విస్ మిల్స్ కాన్వర్స్ అనే వ్యాపారి రబ్బరు బూట్ల కంపెనీని స్థాపించినాడు. ఆ కంపెనీ మొదట తయారు చేసినవి ఆటగాళ్ళ బూట్లు కావు. వానలో, మంచులో కాళ్ళు తడవకుండా తొడుగుకొనే రబ్బరు పాదరక్షలవి. పచ్చి రబ్బరు ఎండకు మెత్తబడుతుంది, చలికి పెళుసుబారుతుంది. గంధకం కలిపి వేడిచేసి దానిని గట్టిపరచే పద్ధతికి 1844లో చార్లెస్ గుడ్‌ఇయర్ పేటెంటు పొందిన తరువాతనే ఈ పరిశ్రమ సాధ్యమైనది. అయితే అటువంటి సరుకుకు గిరాకీ తడి, చలి రోజులలోనే. మిగిలిన కాలంలో యంత్రాలూ పనివారూ ఖాళీగా ఉండకుండా, ఏడాది పొడుగునా కర్మాగారాన్ని నడపడానికి కాన్వాసు గుడ్డకు రబ్బరు అడుగు అతికించిన ఆట బూట్ల తయారీ చేపట్టినారు. 1917లో బాస్కెట్‌బాల్ ఆటకు 'ఆల్ స్టార్' బూటు వెలువడినది.

1921లో చార్లెస్ టేలర్ అనే ఆటగాడు ఈ కంపెనీలో అమ్మకాల ఉద్యోగిగా చేరినాడు. అందరూ ఆయనను 'చక్' అని పిలిచేవారు. ఆయన ఊరూరా తిరిగి, పాఠశాలలలో, కళాశాలలలో పిల్లలకు ఆట నేర్పుతూ బూట్లు అమ్మినాడు. 1930లలో కంపెనీ ఆయన సంతకాన్ని బూటు మీద ముద్రించినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికన్ సైనికులు వ్యాయామ శిక్షణలో తొడిగినవి ఈ బూట్లే. కోట్లాది జతలు అమ్ముడైనవి. కాని టేలర్ జీవిత చరిత్రకారులు చెప్పే ఒక విషయం గమనించదగినది. తన పేరు మీద అమ్ముడైన జతలపై ఆయనకు వాటా లేదు. ఆయనకు దక్కినది జీతము, ప్రయాణ ఖర్చులు. 1969లో ఆయన మరణించినాడు. సంతకం మాత్రం కంపెనీ ఆస్తిగా మిగిలిపోయినది. 'సొమ్మొకడిది, సోకొకడిది' అని మన పెద్దలు ఊరకే అనలేదు.

వ్యాపార ప్రకటనలు చెప్పే చరిత్ర ఇక్కడితో ఆగిపోతుంది. ఆట, సంగీతం, యవ్వనం, తిరుగుబాటు, నక్షత్రం: ఇదే వారి కథ. గుడ్డ కత్తిరించినవారు, జిగురు పూసినవారు, రబ్బరు ఉడికే పొయ్యిల వద్ద నిలబడినవారు ఆ కథలో కనబడరు. వారి కథను మనమే చెప్పుకోవలసి ఉన్నది.

చేతులు మారిన పేరు, చెదరిపోయిన మనుషులు

స్థాపకుడు కాన్వర్స్ తన కంపెనీని 1920ల చివరలోనే దివాలాలో పోగొట్టుకొన్నాడు. తరువాత అది ఒక యజమాని నుండి మరొక యజమానికి, ఒక పెద్ద సంస్థ నుండి ఇంకొక పెద్ద సంస్థకు చేతులు మారుతూ వచ్చినది. ప్రతి అమ్మకంలోను బూటు పేరుకు ధర కట్టినారు. దానిని తయారుచేసే మనిషి నైపుణ్యానికి ధర కట్టినవారు లేరు. 2001 జనవరిలో కంపెనీ మళ్ళీ దివాలా పిటిషను వేసినది. ఆ ఏడాదే అమెరికాలోని ఉత్పత్తిని పూర్తిగా నిలిపివేసి, నార్త్ కరోలినా రాష్ట్రంలోని లంబర్టన్ కర్మాగారాన్ని మూసివేసినది. అక్కడి కార్మికులు రోడ్డున పడినారు. బూటు మాత్రం ఆగలేదు. అది ఆసియాలోని కర్మాగారాలకు తరలిపోయినది. రెండేళ్ళు దాటిన తరువాత, 2003లో, నైకీ కంపెనీ ఆ పేరును దాదాపు 30 కోట్ల 50 లక్షల డాలర్లకు కొన్నది. కర్మాగారాలు మూతబడి, కార్మికులు ఇంటికి పోయిన తరువాత కూడా అంత ధర పలికినదంటే ఆ సొమ్ము దేనికి చెల్లించినారో మీరే యోచించండి. అది పేరుకు, నక్షత్రానికి, చనిపోయిన జీతగాని సంతకానికి చెల్లించిన సొమ్ము.

ఇక 2011లో వెలుగుచూసిన సంగతి వినండి. ఇండోనేషియాలోని సుకబూమి పట్టణంలో పౌ చెన్ అనే తైవాన్ సంస్థ నడిపే కర్మాగారంలో అప్పుడు దాదాపు 10,000 మంది ఈ బూట్లను తయారు చేసేవారు. వారిలో అత్యధికులు స్త్రీలు. గంటకు సుమారు అర డాలరు కూలి. పై అధికారులు తమ మీద బూట్లు విసిరేవారని, చెంపదెబ్బలు కొట్టేవారని, కుక్కలని తిట్టేవారని ఆ కార్మికులు అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థకు చెప్పినారు. కాన్వర్స్ సరుకు తయారుచేసే 168 కర్మాగారాలలో దాదాపు మూడింట రెండు వంతులు తాను పెట్టిన ప్రమాణాలనే అందుకోవడం లేదని నైకీ స్వంత నివేదికలోనే తేలినది. అంతటి దోషం బయటపడినప్పుడు కంపెనీ ఇచ్చిన సంజాయిషీ ఏమిటి? ఆ కర్మాగారాలు తమవి కావు, లైసెన్సుదారుల ద్వారా ఒప్పందం కుదిరినవి, కనుక వెంటనే చేయగలిగినది పరిమితం అని! ఈ సంజాయిషీని సోదరులు బాగా జ్ఞాపకం ఉంచుకోవాలి. దీనినే మనం మరొక భాషలో, మరొక కార్యాలయంలో ప్రతిరోజూ వింటున్నాము.

మూడేళ్ళ తరువాత, 2014లో, అదే కాన్వర్స్ కంపెనీ అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషను ముందు ఫిర్యాదు దాఖలు చేసినది. తమ బూటు ముందు భాగాన ఉండే రబ్బరు మూతిని, ప్రక్కన ఉండే గీతలను, అడుగున ఉండే అచ్చును ముప్పైకి పైగా కంపెనీలు కాపీ కొట్టినవని దాని అభియోగం. రబ్బరు మీద గీత తమదట! ఆ గీతను ఎవరు ఎక్కడ అనుకరించినా, ఏ దేశంలో తయారుచేసినా వెదకి పట్టుకొని న్యాయస్థానానికి ఈడ్వగలరట! కాని ఆ గీతను అతికించే స్త్రీ ఎవరి మనిషి అని అడిగితే మాత్రం ఆమె లైసెన్సుదారుని మనిషి.

ఇంకొక చమత్కారం చూడండి. ఈ బూటు అడుగున పలుచని నూలు పొర అంటించి ఉంటుంది. నాలుగు రోజులు నడిస్తే అరిగిపోతుంది. అది కాలికి సుఖమిచ్చుటకు కాదు. అడుగుభాగంలో ఎక్కువ వైశాల్యం గుడ్డతో కప్పబడితే, అమెరికా సుంకాల పట్టికలో అది రబ్బరు అడుగు బూటుగా గాక, ఇంట్లో తొడుగుకొనే మెత్తని చెప్పుల తరగతికి చేరుతుంది. సుంకం ఎన్నో రెట్లు తగ్గుతుంది. సుంకం తగ్గించుకొనుటకు బూటు అరికాలి దాకా పోయి ఆలోచించగల మేధస్సు, కార్మికురాలి మీద చెయ్యి పడకుండా ఆపే ఉపాయం దగ్గరకు వచ్చేసరికి మొద్దుబారిపోవడం ఆశ్చర్యకరము కాదా?

మన గుమ్మంలోకి వచ్చిన బూటు

ఇది ఎక్కడో పరాయి దేశపు కథ అని మనం తోసిపుచ్చడానికి వీలులేదు. కాన్వాసు బూటు మన దేశానికి కొత్తది కాదు. చెకొస్లొవేకియాకు చెందిన బాటా కంపెనీ 1930లలో కలకత్తా సమీపాన బాటానగర్ నిర్మించి, 1936 నుండి మన పాఠశాలల పిల్లలకు తెల్ల కాన్వాసు బూట్లు అమ్మినది. పంద్రాగస్టు కవాతు ముందురోజు సుద్దతో ఆ బూట్లకు తెలుపు పూసిన జ్ఞాపకం మీలో అనేకులకు ఉండి ఉంటుంది.

ఈనాడు పరిస్థితి మరొక మెట్టు ముందుకు పోయినది. నెల్లూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన తడ దగ్గర, మాంబట్టు ప్రత్యేక ఆర్థిక మండలిలో అపాచి కంపెనీ అడిడాస్ బూట్లు తయారు చేయిస్తున్నది. చెయ్యారులో తైవాన్‌కు చెందిన ఫెంగ్ టే సంస్థ నైకీ బూట్లు తయారు చేయిస్తున్నది. సుకబూమి కర్మాగారాన్ని నడిపిన పౌ చెన్ సంస్థయే 2023లో తన అనుబంధ కంపెనీ ద్వారా తమిళనాడు ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకొన్నది. కళ్ళకురిచ్చి జిల్లాలో 2,302 కోట్ల రూపాయల పెట్టుబడి అని ప్రకటించినారు. ఈ పరిశ్రమలలో చేరుతున్నవారు మన పల్లెల ఆడపిల్లలు. ఉపాధి రావడాన్ని మేము వ్యతిరేకించడం లేదు. సుకబూమిలో జరిగినదే ఇక్కడ జరుగుతున్నదనీ అనడం లేదు. అక్కడ జరిగినది తెలిసియుండి, ఇక్కడ సంఘం పెట్టుకొనే హక్కు, ఫిర్యాదు చేసుకొనే చోటు, పేరుగల కంపెనీ వ్రాతపూర్వక బాధ్యత ముందుగానే అడగకపోవడం అవివేకమని మాత్రమే అంటున్నాము.

బస్తర్‌లో అదే పాఠం

ఇప్పుడు బస్తర్ వైపు చూద్దాము. కొత్తవలస నుండి కిరండూల్ వరకు దాదాపు 445 కిలోమీటర్ల రైలుమార్గం బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి నిర్మించబడినది. 1960లో జపానుతో కుదిరిన ఒప్పందం దీనికి మూలం. తూర్పు కనుమలను దాటి, సొరంగాలలో, వంతెనల మీదుగా సాగే ఈ మార్గంలో ఎందరో తెలుగు కార్మికులు జీవితాలు గడిపినారు. కీమాను ప్రతిరోజూ తన బీటు పొడవునా కంకర మీద నడిచి, ప్రతి కీలును, ప్రతి అతుకును చూసుకోవాలి. వర్షాకాలంలో కొండ విరిగి బండలు పట్టాల మీద పడే చోట్ల రాత్రి గస్తీవాడు లాంతరుతో నడవాలి. ఖనిజం నింపిన వాగను సాఫీగా రేవుకు చేరడం వెనుక ఈ పాదాలు ఉన్నవి. పదునైన కంకర మీద, వేసవిలో కాలిన ఇనుము పక్కన, వానలో పాములు తిరిగే గట్టుల మీద నడిచే మనిషికి బూటు అలంకారం కాదు. సుత్తి, రెంచి ఎట్లాగో బూటు కూడా అట్లాగే పనిముట్టు.

ఏడవ వేతన సంఘం సిఫారసుల తరువాత, 2017 జూలై నుండి, యూనిఫారం, ఉతుకుడు, బూట్లు వంటి వేర్వేరు భత్యాలన్నిటినీ ఒకే దుస్తుల భత్యంలో కలిపివేసినారు. ట్రాక్‌మన్‌కు అది సంవత్సరానికి 5,000 రూపాయలుగా మొదలైనది. డబ్బు రావడం మంచిదే. కాని దానితో జరిగిన మార్పు సూక్ష్మమైనది. నిన్నటివరకు 'మా పనివానికి తగిన బూటు ఇవ్వవలసినది మేమే' అన్న యజమాని, నేడు 'డబ్బిచ్చినాము, ఏమి కొన్నావో నీ ఇష్టం' అంటున్నాడు. కాలికి దెబ్బ తగిలితే తప్పు బూటుది, బూటు ఎంచుకొన్న తప్పు కార్మికునిది! బాధ్యత చేతులు మారినది. లైసెన్సుదారుని సంజాయిషీకి, దీనికి భేదమెంత?

భత్యమైనా అందేది పర్మనెంటు ఉద్యోగికే. అదే పట్టాల మీద కాంట్రాక్టరు క్రింద కంకర ఎత్తే ఆదివాసీ కూలి హవాయి చెప్పులతో పనిచేస్తున్నాడు. పని రైల్వేది, పట్టా రైల్వేది, దాని మీద నడిచే బండి రైల్వేది. మనిషి మాత్రం కాంట్రాక్టరు మనిషి! 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం 20 మంది లేక అంతకు పైబడిన చోట వర్తించేది. కాంట్రాక్టరు కూలి ఎగవేసిన యెడల ముఖ్య యజమానియే చెల్లించాలని అది నిర్దేశించినది. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 50కి పెంచినది. 49 మందితో పని సాగించే కాంట్రాక్టరుకు ఇంతకన్న అనువైన కానుక ఏమున్నది?

తపాలా శాఖ సంగతి చూడండి. కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు కూడా వినబడే సరిహద్దు పల్లెలకు ఉత్తరాన్ని, పింఛనును, పొదుపు పుస్తకాన్ని మోసుకొనిపోయే గ్రామీణ డాక్ సేవకుడు పోస్టాఫీసు పేరు మీదనే నడుస్తున్నాడు. పల్లె ప్రజలకు ఆయనే తపాలా శాఖ. కాని శాఖ దృష్టిలో ఆయన ఎవరు? ఈ అదనపు శాఖా ఏజెంట్లు సివిల్ పోస్టులలో ఉన్నవారేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ తరువాత పేరు మార్చినారు. నియమావళి మార్చినారు. మీరు కేంద్ర సివిల్ సర్వీసుకు వెలుపలివారని వ్రాసినారు. వారికి చెల్లించేదానిని వేతనం అని కూడా అనరు, 'టైమ్ రిలేటెడ్ కంటిన్యుటీ అలవెన్సు' అంటారు! దేశవ్యాప్తంగా రెండు లక్షలకు పైబడిన మనుషుల పేరుతో ఇంత పెద్ద మాటల గారడీ జరుగుతున్నది.

ఇక అడవిలోని తునికాకు సేకరణదారులు. ఏప్రిలు, మే నెలల ఎండలో అడవి తిరిగి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున 1,000 కట్టలు కడితే ఒక ప్రామాణిక సంచి. 2024 నుండి దానికి 5,500 రూపాయలు ఇస్తున్నారు. అంటే 50 ఆకుల కట్టకు అయిదున్నర రూపాయలు, ఒక్కొక్క ఆకుకు 11 పైసలు. ముళ్ళలో, రాళ్ళలో నడిచే వీరికి చెప్పులిచ్చే 'చరణ్ పాదుకా' పథకాన్ని 2005లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ప్రారంభించినది. 2018లో ప్రభుత్వం మారిన తరువాత అది ఆగిపోయినది. ప్రభుత్వం మళ్ళీ మారినది. 2025లో చెప్పులు మళ్ళీ వచ్చినవి. చెప్పులు ఇచ్చినందుకు మేము ఎవరినీ నిందించము. కాని ఎన్నికల ఫలితాన్ని బట్టి వచ్చిపోయే చెప్పు కానుకే తప్ప హక్కు కాదు. ముల్లుకు ఏ పార్టీ అధికారంలో ఉన్నదో తెలియదు.

ఆక్షేపణలకు సమాధానం

బాధ్యత గట్టిగా అడిగితే పరిశ్రమ మరొక దేశానికి పోతుందని కొందరు బెదిరిస్తున్నారు. లంబర్టన్ కార్మికులు బూటుకు పేరు తెచ్చిన నైపుణ్యంతోనే పనిచేసినారు. అయినను పరిశ్రమ పోయినది. అణగిమణగి ఉండుట ఉద్యోగానికి హామీ కాదు. కర్మాగారం సముద్రం దాటిపోగలదు. కాని పేరు పోలేదు. ఆ నక్షత్రాన్ని చెరిపివేసుకొని వారు బూటు అమ్మలేరు. కనుక కోరిక పెట్టవలసినది పేరుగలవాని ఎదుట. కర్మాగారం ఎవరిదైనా, దేశం ఏదైనా, పేరు ముద్రించుకొన్నవాడే జవాబుదారీ. సుకబూమి స్త్రీల మాటపై వార్తాసంస్థ ఆరా తీసిన తరువాతనే ఆ నివేదిక బయటికి వచ్చినదన్న సత్యాన్ని మరువరాదు.

రైల్వే, తపాలా శాఖలు లాభాపేక్ష కంపెనీలు కావు, వాటిని విదేశీ బూట్ల వ్యాపారితో పోల్చుట అన్యాయమని మరికొందరు అంటారు. మేమూ ఒప్పుకొంటున్నాము. అవి ప్రజల సంస్థలు. అందువలననే వాటి బాధ్యత మరింత హెచ్చు. ఆదర్శ యజమాని కావలసిన ప్రభుత్వమే లైసెన్సుదారుని భాష మాట్లాడితే, ప్రైవేటు యజమానికి నీతి చెప్పే అర్హత ఎవరికి మిగులుతుంది?

మన కోరికలు, మన కర్తవ్యం

ఈ క్రింది కోరికలపై ప్రతి శాఖ తీర్మానం చేసి పంపవలసినదిగా కోరుతున్నాము.

ఒకటి: పట్టాల మీద పనిచేసే ప్రతి మనిషికి భారత ప్రమాణం ఐ.ఎస్. 15298 ప్రకారం రక్షణ బూట్లు పనిముట్టుగా ఇవ్వాలి. అరిగిన వెంటనే మార్చాలి. స్త్రీలకు వారి పాదాల కొలతకు సరిపడినవే ఇవ్వాలి. మగవారి బూట్లలో గుడ్డలు కుక్కి తొడుగుకోమనరాదు.

రెండు: దుస్తుల భత్యాన్ని దీనికి బదులుగా చూపరాదు.

మూడు: కాంట్రాక్టు కూలీల సంఖ్య ఎంతైనా సరే, వారి రక్షణ సామగ్రి బాధ్యత ముఖ్య యజమానిదే కావాలి. కూలి కాళ్ళకు బూట్లున్నవని ధ్రువపడిన తరువాతనే కాంట్రాక్టరు బిల్లు చెల్లించాలి.

నాలుగు: గ్రామీణ డాక్ సేవకులను శాఖా ఉద్యోగులుగా గుర్తించాలి. ఆ లోపల బూట్లు, వానకోటు తక్షణమే ఇవ్వాలి.

అయిదు: తునికాకు సేకరణదారుల పాదరక్షలను, వైద్యాన్ని పథకంగా గాక చట్టబద్ధమైన హక్కుగా నిర్ణయించాలి. ఈ కోరికను వారి సంఘాలతో కలిసి మనం బలపరచాలి.

శాఖా కార్యదర్శులు ఇంకొక పని చేయాలి. పనిలో కాలికి తగిలిన ప్రతి దెబ్బను, అప్పుడు తొడిగియున్నది ఏమిటో, ఆ మనిషి ఎవరి క్రింద పనిచేస్తున్నాడో పుస్తకంలో వ్రాసి ఉంచాలి. కాంట్రాక్టు కూలికి తగిలిన దెబ్బను కూడా అదే పుస్తకంలో, మన సభ్యుని దెబ్బ ప్రక్కనే వ్రాయాలి. చర్చల బల్ల ముందు కూర్చున్నప్పుడు ఉపన్యాసం కన్న ఆ పుస్తకం బలంగా మాట్లాడుతుంది.

1968 సెప్టెంబరు 19న, 1974 మే నెలలో సమ్మె చేసిన మన ముందు తరం, ఉద్యోగులంతా ఒకే యజమాని ఎదుట ఒకే సంఘటిత శక్తిగా నిలబడగలరన్న ధైర్యంతో పోరాడినది. ఈనాటి యజమాని ఆ ధైర్యాన్ని చీల్చడానికి తన పేరునే దాచిపెడుతున్నాడు. వీడు పర్మనెంటు, వాడు కాంట్రాక్టు, ఆమె సేవకురాలు, మరొకడు కేవలం లబ్ధిదారు అని మనలను వేరు చేస్తున్నాడు. పని ఎవరికోసం జరుగుతున్నదో వారే యజమాని అన్న ఒక్క సూత్రాన్ని మనం విడువకుండా పట్టుకొన్ననాడు ఈ విభజన నిలువలేదు. పట్టా మీద రైల్వే పేరున్నది, సంచి మీద తపాలా శాఖ పేరున్నది. ఆ పేర్ల క్రింద నడిచే ప్రతి పాదానికి జవాబు చెప్పవలసినది ఆ పేరుగలవారే.